ఎర్రబడని కల్లం

పల్నాడులో మే నెల మిట్టమధ్యాహ్నం పచ్చగా కనపడేది ఏదైనా ఉందంటే దాన్ని కాస్త అనుమానించాల్సిందే. వేపాకు కూడా మాడి ముడుచుకుపోయే ఎండల్లో, ప్రయోగశాల గోడ మీది పటంలో ఒక్క చుక్క మాత్రం నవనవలాడుతూ పచ్చగా వెలుగుతోంది. దాన్ని చూసినప్పుడల్లా సువార్తకు ఒళ్ళు మండిపోయేది.

పటంలో ఒక్కో చుక్క ఒక్కో మిరప కల్లం. పొద్దున్నే అన్నీ పచ్చగానే ఉంటాయి. ఎండ ముదిరేకొద్దీ ఒక్కొక్కటే ఎర్రబడుతుంది. మధ్యాహ్నానికి గోడంతా పొక్కులు లేచినట్టు అవుతుంది. ఎటొచ్చీ గురవయ్య కల్లమే ఎర్రబడదు. వేసవి మొదలైనప్పటి నుంచి ఒక్కసారంటే ఒక్కసారి కూడా ఎర్రబడలేదు.

ఆ చుక్కలు వెలిగించేది సువార్త కనిపెట్టిన పెట్టె. వడదెబ్బకు జనం పిట్టల్లా రాలిపోతుంటే, ఇలాగైతే లాభం లేదని శాసనసభ వడగాలి రక్షణ చట్టం చేసింది. ఎండలో పదిమంది పనిచేసే ప్రతిచోటా ఈ పెట్టె వేలాడాలి. అరగంటకోసారి అది గణగణమంటుంది. పనివాళ్ళు దానికి వినపడేలా ఒక వాక్యం చెప్పాలి. ఒంట్లో వేడి హద్దు దాటిన మనిషికి నాలుక ఎండుతుంది, ఊపిరి కురచవుతుంది, పక్కనున్నవాళ్ళకు వినపడని సన్నటి వణుకు గొంతులోకి వస్తుంది. పెట్టె ఆ వణుకును పట్టుకుంటుంది. నలభై గొంతులు ఒక్కసారి మాట్లాడినా చిక్కుపడ్డ దారాన్ని విడదీసినట్టు దేనికది విడదీసి వింటుంది. ఒక్క గొంతు వణికినా ఎర్రదీపం వెలుగుతుంది. వెలిగిందా, పని ఆగాలి, అందరూ నీడకు చేరాలి, కూలి మాత్రం కోయకూడదు. జనం దానికి చెవిపెట్టె అని పేరు పెట్టేశారు. సువార్త తన పరిశోధన పత్రంలో పెట్టిన బారెడు పేరు కన్నా అదే నయం.

ఇక చెప్పాల్సిన ఆ వాక్యం ఉందే, దాన్ని సచివాలయంలో ఏ మహానుభావుడు రాశాడో గానీ, "నేను క్షేమముగా ఉన్నాను, పని చేయగలను" అని రాసి పంపించాడు. రంగు పోయిన తాలుకాయలు ఏరే ఆడవాళ్ళు "క్షేమముగా" అంటారా ఎక్కడైనా? అయినా చట్టం చట్టమే కదా!

చట్టాన్ని ఏడాదిపాటు పరీక్షగా పెట్టారు. గడువు దగ్గరపడింది. ఉంచాలో తీసేయాలో తేల్చడానికి శాసనసభా సంఘం వస్తోంది. ఇదే అదను అనుకుని కల్లాల యజమానులు ఒక అర్జీ పెట్టారు. అందులో మాట ఒకటే. అదే ఎండ, అదే పని, గురవయ్య కల్లంలో ఏ గొంతూ వణకడం లేదు. మరి మిగతాచోట్ల ఎందుకు వణుకుతున్నాయి? కూలీలు నటిస్తున్నారు, ఈ చట్టం సోమరిపోతులను తయారుచేస్తోంది, రద్దు చేయండి.

"సంఘం వాళ్ళు నేరుగా గురవయ్య కల్లానికే వస్తారట" అన్నాడు ప్రొఫెసర్ చక్రపాణి, కళ్ళజోడు తుడుచుకుంటూ. ఆయన ప్రయోగశాలకు అధిపతి, వాటం చూసి మాట్లాడే మనిషి.

"అక్కడేదో మోసం జరుగుతోంది సార్."

"మోసం ఉంటే పెట్టెలో ఉండాలి. పెట్టె మనది. మన పెట్టె తప్పు చెబుతోందని మనమే చాటింపు వేద్దామా? ఒక్క తప్పు ఒప్పుకుంటే మొత్తం చట్టమే తప్పంటారు. ఊరుకోమ్మా."

ఊరుకోమ్మా అన్న తీరే సువార్తకు నచ్చలేదు. మొన్న ఆయన కారు పక్కనుంచి పోతుంటే డిక్కీలోంచి మిరప ఘాటు గుప్పుమంది, గురవయ్య పంపిన బస్తానేమో అనిపించింది. ఆవకాయల రోజులు కాబట్టి ఆ ఊళ్ళో ప్రతి డిక్కీలోనూ మిరపకాయలుంటాయన్న సంగతి ఆమెకు తెలియనిది కాదు. అనుమానం పట్టిన బుద్ధికి అవన్నీ ఎక్కుతాయా!

అసలు ఆమె మనసులో ముల్లు వేరే ఉంది. గురవయ్య కల్లంలో పనిచేసే కూలీల ముఠాకు పెద్ద ఎవరో కాదు, ఆమె కన్నతల్లి దీనమ్మ.

ఫోన్ చేసింది. ఎప్పటిలాగే అవతలి నుంచి రాగం వచ్చింది. "చల్లగున్నానే తల్లీ, చల్లగున్నా..."

ఇది వాళ్ళిద్దరికీ అలవాటు. సువార్త చిన్నప్పుడు దీనమ్మ పని నుంచి వస్తూ పేట మొదట్లోనే "ఎట్టున్నావే సువార్తా..." అని రాగం తీసేది. ఇంట్లోంచి పిల్ల "చల్లగున్నానమ్మో చల్లగున్నా..." అని బదులు తీసేది. ఆ పాట వినపడితే చాలు, అమ్మ వచ్చేసినట్టే, భయం పోయినట్టే. ఫోన్లు వచ్చాక కూడా హలో అనే మాట వాళ్ళిద్దరి మధ్యకు రాలేదు.

"అమ్మా, రేపు మీ కల్లానికి వస్తున్నా. పెట్టె మార్చాలి."

రాగం ఠక్కున ఆగింది. "మా కల్లం జోలికి రామాకే" అంది దీనమ్మ. "పెట్టె బానే ఉంది."

తల్లి ఎప్పుడైనా తనను రావద్దందా? ఆ రోజంతా సువార్తకు అన్నం సహించలేదు.

* * *

కల్లం నిండా ఎర్రటి దుప్పటి పరిచినట్టు మిరపకాయలు. పైన గ్రీన్‌నెట్ పందిరి, దాని కింద వరుసగా కూర్చుని తాలుకాయలు ఏరుతూ, తొడిమలు తుంచుతూ ఆడవాళ్ళు. కొత్తవాళ్ళయితే గుమ్మంలోనే నాలుగు తుమ్ములు తుమ్మి వెనక్కి తిరుగుతారు. పందిరి రాటకు చెవిపెట్టె వేలాడుతోంది, పచ్చదీపం వెలుగుతోంది.

"రండి మేడంగారూ, రండి" అంటూ ఎదురొచ్చాడు గురవయ్య, కల్లం యజమాని. "మా దీనమ్మ కూతురంటే మా ఇంటి ఆడపడుచు కాదూ! ఒరే, మజ్జిగ తెండిరా."

చిన్నప్పుడు తల్లికోసం ఇక్కడికొస్తే "ఏయ్, కాయలు తొక్కమాక, అవతలికి పో" అని తరిమింది ఈ నోరే. మజ్జిగ గ్లాసు పట్టుకుంది గానీ సువార్త తాగలేదు.

పెట్టె చుట్టూ తిరిగింది. వెనక తీగలేమైనా ఉన్నాయేమో, మరెవరి గొంతో వినిపించే స్పీకర్ ఎక్కడైనా దాచారేమో అని రాట పైకీ కిందికీ చూసింది, గోతాల వెనక వెతికింది. ఏమీ లేదు. పాత పెట్టె విప్పి, ప్రయోగశాల నుంచి తెచ్చిన కొత్తది తగిలించింది.

"ఇవాళ వీళ్ళు చెప్పేటప్పుడు నేనుండి వింటాను."

"అయ్యో, దానికేం భాగ్యం! కాకపోతే ఇప్పుడు అన్నాలకు లేచారు. తవరుంటే సిగ్గుపడతారు" అన్నాడు గురవయ్య. చెప్పిన మాట అబద్ధం కాదు. ఆడవాళ్ళు క్యారేజీలు తీసుకుని నీడకు పోతున్నారు, తలెత్తి ఆమెవైపు చూసినవాళ్ళు లేరు.

పెట్టెలో దాచిన మాటలు వింటే పోయేది కదా అంటారా? పెట్టె ఏ మాటనూ దాచుకోదు. విని, వణుకును కొలిచి, మరిచిపోతుంది. కూలీల గొంతులు దాచి యజమానుల చేతికి ఇస్తే కొంపలంటుకుంటాయని, ఆ షరతు చట్టంలో పెట్టించింది సువార్తే. ఇప్పుడు అదే ఆమెకు అడ్డం వచ్చింది.

తల్లిని పక్కకు పిలిచింది. దీనమ్మ మొహం కందగడ్డలా ఉంది, పెదాలు తెల్లగా పొడిబారి ఉన్నాయి. అంత ఎర్రటి మొహాన్ని చూశాక ఆ పచ్చదీపం మీద నమ్మకం ఎవరికుంటుంది?

"నిజం చెప్పమ్మా. దీపం ఎర్రబడకుండా గురవయ్య మీ చేత ఏం చేయిస్తున్నాడు?"

"ఆయనేం చేయిత్తాడే? మా ముఠా ఎప్పుడూ ఎర్రబడలా. ఎర్రబడ్డ ముఠాని ఏమంటారో ఎరికేనా నీకు? వడిలిపోయే ముఠా అంటారు. వచ్చే ఏడు పనికి పిలవరు. మాకు పరువుండక్కర్లా?"

"సాలమ్మత్త ఏది? కనపడలేదే."

దీనమ్మ చూపు తిప్పుకుంది. "పోయింది. నెలయింది. ఇక్కడ కాదులే, ఇంటికాడ. పనయ్యాక ఇంటికి పోయి, గడప దాటి పడిపోయిందంట. బీపీ అన్నారు."

సాలమ్మ అమ్మ స్నేహితురాలు. చిన్నప్పుడు సువార్తకు జడలేసిన మనిషి. పోయి నెలయితే తనకు చెప్పలేదేం? ఇంటి దగ్గర పోయింది కాబట్టి కల్లం లెక్కలోకి రాలేదు, బీపీ కాబట్టి వడదెబ్బ లెక్కలోకీ రాలేదు. ఎంత శుభ్రంగా తుడిచేశారు! తల్లి మాత్రం దొంగకు తేలు కుట్టినట్టు ఊరుకుంది. గురవయ్య మీద అనుమానం పెట్టుకుని వచ్చిన మనిషి, తల్లి మీద అనుమానం వేసుకుని వెళ్ళింది.

ఆ సాయంత్రం గోడ మీద చూస్తే కొత్త పెట్టె కూడా పచ్చగానే ఉంది.

* * *

సంఘం వచ్చేది మర్నాడే. సువార్త వేడి గదిలో కూర్చుంది. ప్రయోగశాలలో ఎండను పుట్టించే గది అది. పెట్టెకు వణుకు నేర్పింది అందులోనే. మనుషులను ఒక్కొక్కరినే కూర్చోబెట్టి, వేడి పెంచుకుంటూ పోయి, వాక్యం చదివించి నేర్పారు. ఈసారి ఎదురుగా పెట్టె ఉంచుకుని తనమీదే పరీక్ష పెట్టుకుంది. లోపం పెట్టెలో లేదని తేలిపోతే లోపం మనుషుల్లో ఉన్నట్టే. ఆ మనుషుల్లో తన తల్లి ఉంది. తన పెట్టెలోనే లోపం దొరకాలని మొక్కుకునే గతి పట్టింది పాపం.

వేడి పెరిగింది. చెమట కళ్ళల్లోకి కారింది. చెవిలో పెట్టుకున్న థర్మామీటర్ హద్దు దాటిందని కూసింది.

"నేను క్షేమముగా ఉన్నాను, పని చేయగలను."

ఎర్రదీపం. మళ్ళీ చెప్పింది, మళ్ళీ ఎర్రదీపమే. పెట్టెలో వీసమెత్తు లోపం లేదు. సువార్తకు ఏడుపొచ్చింది. లేచి బయటికి పోదామనుకునేలోగా ఫోన్ మోగింది.

"ఎట్టున్నావే సువార్తా..." దీనమ్మ రాగం. కల్లం నుంచి కూతురు అలిగి వెళ్ళిందని చేసి ఉంటుంది.

కోపంగానే ఉంది, అయినా అలవాటు ఊరుకోదు కదా. నోరు దానంతట అదే తెరుచుకుంది. "చల్లగున్నానమ్మో చల్లగున్నా..."

ఎదురుగా దీపం పచ్చబడింది.

సువార్త దీపాన్నీ థర్మామీటర్‌నూ మార్చి మార్చి చూసింది. ఒళ్ళు కాలిపోతోంది. థర్మామీటర్ కూస్తూనే ఉంది.

"నేను క్షేమముగా ఉన్నాను" అంది మామూలుగా. ఎర్రబడింది. అదే మాటను అమ్మ రాగంలో సాగదీసింది. పచ్చబడింది. మాట అంటే ఎర్ర, పాటగా అంటే పచ్చ. పాడాలంటే ముందు కడుపు నిండా గాలి పీల్చాలి, స్వరాన్ని బిగపట్టి నిలపాలి. ఆ బిగువులో వణుకు అణిగిపోతోంది.

"అమ్మా, పెట్టె మోగినప్పుడు మీరు ఆ వాక్యం చెబుతారా, పాడతారా?"

"పాడతాం. ఒక్కొక్కళ్ళే చెప్పాలంటే సిగ్గుగా ఉండదంటే? అయినా ఆ మాటలు మాకు నోరు తిరుగుతయ్యా? నేనే బాణీ కట్టా. నేనెత్తుకుంటే అందరూ అందుకుంటారు. ఏం, పాడగూడదా?"

మిగతా కల్లాల్లో గొణుగుతారు. దీనమ్మ ముఠా పాడుతుంది. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకునేది దీనమ్మే, పొలంలో ఎత్తుకునేదీ దీనమ్మే. ఆ సంగతి లోకమంతటికీ తెలుసు. ఇన్నేళ్ళు ఈ గదిలో మనుషులను కూర్చోబెట్టి చదివించిన వాళ్ళలో ఒక్కరికి, పనిచేసేవాళ్ళు పాడతారు సుమా అని తోచలేదు. పాట వింటూ అన్నం తిని పెరిగిన సువార్తకు సైతం తోచలేదు.

చక్రపాణి దగ్గరికి పరుగెత్తింది. ఆయన అంతా విని కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "రేపు దీన్ని బయటపెడితే పెట్టెను పాటతో మోసం చేయొచ్చని అందరికీ తెలుస్తుంది. ప్రతి కల్లంలోనూ పాడిస్తారు. బయటపెట్టకపోతే చట్టం పోతుంది. ఏ దారీ మంచిది కాదమ్మా" అన్నాడు. మొదటిసారి ఆయన మాటలో వాటం కనపడలేదు.

"సాలమ్మత్త పాడుతూ పోయింది సార్" అంది సువార్త.

* * *

సంఘం అధ్యక్షుడు సరిగ్గా ఎండ నడినెత్తికి వచ్చాక దిగాడు. గురవయ్య కుర్చీలు వేయించాడు, కొబ్బరిబోండాలు కొట్టించాడు. చక్రపాణి ఒక మూలగా నిలబడ్డాడు.

పెట్టె గణగణమంది.

దీనమ్మ చేతిలో కాయలు అలాగే ఉంచుకుని తలెత్తింది. "క్షేమామూగ ఉన్నామమ్మో..." అని ఎత్తుకుంది. వరుస వరుసంతా "ఓ చెవిపెట్టే..." అని అందుకుంది. "పనీ సేయగలామమ్మో... ఓ చెవిపెట్టే..." అబ్బ, ఏం పాట అది! అంత ఎండలోనూ వినేవాళ్ళకు గాలి తిరిగినట్టయింది. అధ్యక్షుడి వేళ్ళు కుర్చీ చేతి మీద తాళం వేశాయి. సచివాలయం వాక్యానికి ఇంత అందం ఉంటుందని రాసినవాడు కూడా అనుకుని ఉండడు.

పచ్చదీపం.

"చూశారుగా తవరూ" అన్నాడు గురవయ్య. "అందుకే నేనెప్పుడూ అంటుంటా, దీనమ్మా, నువ్వు పాట మాత్రం ఆపమాక, నీ పాట నా కల్లానికి శుభం అని."

ఆ మాటకు సువార్త అతని కళ్ళల్లోకి చూసింది. తెలిసి అన్నాడా, తెలియక అన్నాడా? అతను నవ్వుతూనే ఉన్నాడు. ఆ సంగతి ఆ రోజు తేలలేదు, ఆ తర్వాతా తేలలేదు.

"అయ్యా, ఒక్కసారి వీళ్ళను పాడకుండా చెప్పమనండి" అంది సువార్త.

"పాడితే ఏం? మాటలవేగా" అన్నాడు అధ్యక్షుడు.

"అందుకే చెప్పమంటున్నాను."

తల్లి ముందు చతికిలబడి కూర్చుంది. గొంతు తగ్గించి అంది, "అమ్మా, పాడొద్దు. నాతో మాట్లాడినట్టు చెప్పు."

దీనమ్మకు కోపం వచ్చింది. పెద్దమనుషుల ముందు తన పాట ఆపించడం ఏంటి? అందులోనూ కన్నకూతురే. మూతి బిగించి కాసేపు చూసింది. సరే, దీని ముచ్చటా తీరుద్దాం అన్నట్టు పెట్టెవైపు తిరిగింది.

"నేను చ్చేమంగా ఉన్నా. పని..." గొంతు పట్టేసింది. మింగడానికి నోట్లో తడి లేదు. "పని చెయ్యగలను."

దీపం ఎర్రగా వెలిగింది.

సువార్త తల్లి చెవిలో థర్మామీటర్ పెట్టి అధ్యక్షుడికి చూపించింది. ఆయన చూసి, లేచి నిలబడ్డాడు. పక్కావిడ చెప్పింది, ఎర్ర. ఆ పక్కావిడ, ఎర్ర. వరుసలో ఒక్క పచ్చ గొంతు లేదు. "నటించేవాళ్ళు లేరండీ" అంది సువార్త. "బాగున్నామని పాడేవాళ్ళే ఉన్నారు. పెట్టె ఆ పాటనే నమ్మింది. నా పెట్టె తప్పు. మీ వాక్యమూ తప్పే. చట్టం తప్పు కాదు."

అధ్యక్షుడు ఏదో అంటున్నాడు, గురవయ్య ఏదో సర్దిచెబుతున్నాడు. దీనమ్మకు అవేమీ వినపడటం లేదు. ఆమె ఎర్రదీపాన్నే చూస్తోంది. చదువు లేకపోయినా బుర్ర లేని మనిషి కాదు, లెక్క దానంతటదే తేలింది.

"అయితే సువార్తా, పాడితే పెట్టెకి తెలవదా?"

"తెలవదమ్మా."

"సాలమ్మ ఆ రోజు పాట అందుకోలేకపోయిందే. గొంతు పీలగా వత్తంది. పరువు తీత్తన్నావు, ఎత్తవే గట్టిగా అని నేనే అన్నా." దీనమ్మ చేతిలో కాయలు జారిపోయాయి. "నేనంటే ఎత్తింది. మా అందరికన్నా పైకి ఎత్తింది."

సువార్త తల్లిని పట్టుకుంది. ఒళ్ళు పెనంలా కాలుతోంది. నీడకు తీసుకుపోయి, తడిగుడ్డ చుట్టి, నీళ్ళు తాగించింది.

* * *

చట్టం నిలిచింది. నిలవడమే కాదు, శాశ్వతమైంది. యజమానుల అర్జీ బుట్టదాఖలైంది. ప్రతి కల్లంలోనూ థర్మామీటర్ ఉండాలనీ, పనయ్యాక ఇంటికెళ్ళి పడిపోయినవాళ్ళను సైతం లెక్కలోకి తీసుకోవాలనీ కలిపారు. వాటన్నిటి కింద ఒక ఉపనిబంధన చేరింది. "సదరు వాక్యమును పలుకవలెను, పాడరాదు."

సువార్త పోరాడి తెచ్చుకున్న గెలుపే అది. గోడ మీద గురవయ్య కల్లం చుక్క ఇప్పుడు మిగతావాటితో పాటే ఎర్రబడుతోంది. దాన్ని చూసి సంతోషపడాలో ఏడవాలో ఆమెకు తెలియడం లేదు. దీనమ్మ ముఠా నీడలో కూర్చుంటోంది, బతుకుతోంది. కానీ మొన్న ఆదివారం చర్చిలో పాట ఎత్తుకోమంటే దీనమ్మ తల అడ్డంగా ఊపిందట. వేరేవాళ్ళు ఎత్తుకున్నారట. ఈ మాట అమ్మ పక్కింటివాళ్ళు చెబితే సువార్తకు తెలిసింది.

మధ్యాహ్నం ఫోన్ చేసింది. అవతల ఎత్తిన చప్పుడైంది, రాగం లేదు.

"ఎట్టున్నావే అమ్మా..." అని తనే తీసింది సువార్త. పాత రాగమే. బదులు కోసం చూసింది.

తర్వాత దీనమ్మ మాట్లాడింది. పాడలేదు, మాట్లాడింది. పుట్టి బుద్ధెరిగాక సువార్త ఆ మాట తల్లి నోట వినడం అదే మొదలు.

"బాలేదే సువార్తా."

ఆ గొంతులో వణుకును పట్టుకోవడానికి ఏ పెట్టె అవసరమూ లేకపోయింది. సువార్త బండి తాళాలు తీసుకుంది. "వస్తున్నానమ్మా" అంది, మామూలుగానే.